వరుసకు తొమ్మిది

మదనపల్లె,
12-6-1988

చిరంజీవి వెంకటమునికి అక్క ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, నా టైపు మిషన్లూ క్షేమం. నువ్వు ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందని అడగను. రోజూ కుప్పం నుంచి బెంగళూరికి రైల్లో పోయి వచ్చేవాడికి చేతులు వేలాడడానికే సరిపోతాయి, రాయడానికి ఎక్కడ ఖాళీ? రుక్మిణి బాగుందా? పాపకు పళ్ళు వచ్చాయా?

అసలు సంగతి. మా వీధి చివర ఒక కంప్యూటర్ సెంటర్ వెలిసింది. గాజు తలుపు, లోపల ఏసీ. గుడికి పోయినట్టు చెప్పులు బయట విడవాలట. మొన్న మునెమ్మ అనే పిల్ల, టైపు హయ్యర్ పరీక్షకు కట్టిన పిల్ల, వచ్చి నా బల్ల ముందు నిలబడి, "మేడమ్, నేను ఆడ చేరతాండాను. ఈడ నేర్సుకున్నోళ్ళకు ఇంక ఉద్యోగాలు రావంట" అంది. ఎవరు చెప్పారే అంటే "అందరూ అంటాండారు" అంది. తర్వాత ఇంకా కొందరు పోయారు. వాళ్ళు అడగను కూడా అడగలేదు.

మీ బావ పోయాక ఈ ఇన్‌స్టిట్యూటే నాకు అన్నం పెట్టింది. నువ్వు కూడా ఇక్కడే, ఈ కిటికీ పక్క మిషను మీదే టైపు నేర్చుకున్నావు. వ్యాపార లేఖ రాయడం రాక నా చేత మొట్టికాయలు తిన్నావు. ఇప్పుడు కంప్యూటర్లు బిగించే చోట పని చేస్తున్నావు కదా, నాకు ఒకటి తయారు చేసి పంపు. విజయదశమి నాడు పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని పిలిచి మొదలు పెడతాను. ఆ రోజుకు నా దగ్గర కంప్యూటర్ నడవకపోతే ఈ తలుపుకు తాళం వేయాల్సిందే. బెదిరించడానికి చెప్పడం లేదు, ఉన్నమాట.

సరుకు పుంగనూరులో రామప్పన్న మండీ మీదుగా పంపు. మీరిద్దరూ భాగాలు పంచుకున్ననాటి నుంచి మాట్లాడుకోరని నాకు తెలుసు. మాట్లాడమనలేదు, మూట పంపమన్నాను. మూటకు నోరుండదు.

ఇట్లు,
అక్క ఇందిరమ్మ

*

కుప్పం,
26-6-1988

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం రైల్లో మాలూరు దాటాక చదివాను. నవ్వుకున్నాను, తర్వాత నవ్వు రాలేదు. కంప్యూటర్ నేను తయారు చేస్తాను. ఆ గాజు తలుపు వాళ్ళ దగ్గర ఉన్నదానికి ఏ మాత్రం తీసిపోదు. పాపకు రెండు పళ్ళు వచ్చాయి, ఆ రెండింటితోనే అందరినీ కొరుకుతోంది.

అయితే ఇది టైపు మిషను లాగా కాదక్కా. ఎక్కడిది ఏదైనా తెచ్చి బిగిస్తే నడవదు. ఒకదానికొకటి పొసగాలి. ముఖ్యంగా మెమరీ. అవి చిన్న నల్ల బిళ్ళలు, రెండు వైపులా వెండి కాళ్ళు, చూడ్డానికి జెర్రుల్లా ఉంటాయి. చిప్పులంటారు. బోర్డు మీద రెండు వరుసలు, వరుసకు తొమ్మిది. ఎనిమిది పని చేస్తాయి, తొమ్మిదోది ఆ ఎనిమిదింటినీ కాపలా కాస్తుంది. ఏ ఒక్కటి తప్పు లెక్క చెప్పినా తొమ్మిదోది యంత్రాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. అన్నిటి వీపు మీదా ఒకే నంబరు ఉండాలి. నంబరు చివర గీత గీసి 15 అని ఉంటుంది, అది దాని వడి. ఒక ఎద్దు చురుకుది, ఒకటి మందకొడిది కట్టి దున్నితే ఏమవుతుందో నీకు చెప్పాలా?

బిగించి పంపితే వి.కోట రోడ్డు గుంతలకు చిప్పులు ఊడి పడతాయి. అందుకని విడివిడిగా పంపుతాను. నేనే వచ్చి బిగించేవాణ్ణి, కానీ సెలవు దొరకదు. మా వర్క్‌షాపులో ఈ మధ్య చిప్పులు మాయమవుతున్నాయి. ఎవరో తెలియక యజమాని అందరినీ ఒకే కంటితో చూస్తున్నాడు. ఇప్పుడు సెలవడిగితే బాగుండదు. మీ ఊళ్ళో రేడియోలు బాగు చేసే కుప్పుస్వామి ఉన్నాడు కదా, అతనికి బొమ్మ గీసి పంపుతాను, బిగిస్తాడు.

అన్న మండీ మీదుగా పంపడం నాకిష్టం లేదు. నువ్వన్నావని పంపుతాను. మండీ అనగానే నాయన గుర్తొస్తాడు. దిగిన ప్రతి వరుస బుట్టల్లోంచి ఒకటి మండీ వంతు అని పక్కకు తీసి, ఆ మామిడిపండ్లు మనకు పెట్టేవాడు. అంత తీపి పండ్లు తర్వాత నేను కొని కూడా తినలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు వెంకటముని

*

మదనపల్లె,
10-9-1988

చిరంజీవి వెంకటమునికి,

మూటలు నిన్న అందాయి. అన్న తన మనిషిని తోడిచ్చి పంపాడు, పైన ఒక బెల్లం దిమ్మె కూడా పెట్టాడు. తెర పగల్లేదు, పెట్టె సొట్ట పోలేదు. బాలింతను తెచ్చినట్టు తెచ్చారు.

ఒక్కటే చిక్కు. నువ్వు వరుసకు తొమ్మిది అని రాశావు. చిప్పులు గుచ్చి పంపిన స్పాంజి మీద వరుసకు ఎనిమిదే ఉన్నాయి. కుప్పుస్వామి పెట్టె అంతా దులిపి చూశాడు. "లేవమ్మా, పంపినోళ్ళు మరిచిపోయినట్టుండాది" అన్నాడు. పనుల తొందరలో మరిచిపోయావేమో. వెంటనే ఆ రెండూ పంపు. పిలుపు కార్డులు అచ్చుకు ఇచ్చేశాను.

అక్క

*

కుప్పం,
17-9-1988

అక్కకు,

నేను మరిచిపోలేదు. వర్క్‌షాపులో యజమాని కళ్ళ ముందు ఒక్కొక్కటీ లెక్కపెట్టి స్పాంజికి గుచ్చాను. దొంగతనాలు జరుగుతున్న చోట పని చేసేవాడు లెక్క తప్పడక్కా. పద్దెనిమిదీ పంపాను.

కుప్పంలో బస్సుకు వేసింది నేను, మదనపల్లెలో దించుకున్నది నువ్వు. మధ్యలో ఉన్నది ఒక్క మండీ. మూట విప్పారా అని అన్నను అడుగు. భాగాల నాడు బావి ఉన్న చేను తన వైపు ఎలా పోయిందో నేను అడగలేదు. ఇదైనా ఒకరు అడగాలి.

ఇంకో రెండు చిప్పులు ఇప్పుడు మా దుకాణంలో అడగలేను. జీతం రాగానే బయట కొని పంపుతాను.

వెంకటముని

*

మదనపల్లె,
28-9-1988

వెంకటమునికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. పురుగు కాళ్ళ లాంటి ఆ బిళ్ళలు అన్నకెందుకు? బెల్లం తూచుకునేవాడు వాటిని ఏం చేసుకుంటాడు, కూర వండుకుంటాడా? బావి చేను సంగతి చిప్పుల్లోకి తెచ్చావు చూడు, అక్కడే నీ మనసులో ఏముందో తెలిసిపోయింది.

నేను అన్నను అడగలేదు, అడగను. మీ బావ పోయిన నాడు నా పక్కన నిలబడ్డది ఆయన. "మూటలో రెండు తగ్గినాయన్నా" అని ఆయన ముఖం మీద అడగడమంటే దొంగ అనడమే. ఆ మాట నా నోట రాదు.

అడగవలసిన చోట అడిగాను. సోమవారం ఎక్స్‌ఛేంజికి పోయి మీ యజమానికి ట్రంకు కాల్ చేశాను. మా తమ్ముడు నాకని ఎన్ని తీసుకున్నాడు, నాకు వచ్చింది పదహారే అన్నాను. ఆయన పద్దు పుస్తకం తెమ్మని ఎవరినో కేకేశాడు. తర్వాత "పద్దెనిమిది ఇచ్చినామమ్మా, మంచిపని చేసినారు చెప్పి" అని పెట్టేశాడు. మర్యాదస్తుడు.

నీ జీతం వచ్చేదాకా విజయదశమి ఆగదు. ఒక విద్యార్థిని మేనమామ మద్రాసు పోతుంటే రెండు చిప్పులు తెప్పించాను. వాటి మీద గీత పక్కన 20 అని ఉంది. "పదైదు కంటే ఇరవై పెద్దదే కదమ్మా, మేలు రకం" అన్నాడు కుప్పుస్వామి. పెట్టాడు. యంత్రం నడిచింది! పచ్చటి అక్షరాలు వచ్చాయి. నేను నా పేరు కొట్టి చూసుకున్నాను. ఈ సంతోషం నీతో పంచుకోవాలని ఉంది, కానీ నువ్వు రాసిన ఉత్తరం అడ్డొస్తోంది.

ఇందిరమ్మ

*

కుప్పం,
7-10-1988
(కార్డు)

అక్కా,

20 అంటే పెద్దది కాదు, మందకొడిది. ఆ నంబరు పెరిగేకొద్దీ వడి తగ్గుతుంది. చల్లగా ఉన్నంతసేపు నడుస్తుంది, వేడెక్కగానే తడబడుతుంది. ఆ రెండూ తీసెయ్యి. రెండో వరుసలోంచి ఒక మంచిది తీసి మొదటి వరుస తొమ్మిదీ నింపు, రెండో వరుస ఖాళీగా వదులు. బోర్డు మీది స్విచ్చులు ఎలా మార్చాలో కింద గీశాను. సగం మెమరీతో నడుస్తుంది, కానీ ఆగదు. పిల్లలకు చూపించడానికి అది చాలు.

నేనిప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను. ఎందుకో వచ్చాక చెబుతాను. రమ్మని ఒక్క ముక్క రాయి, వచ్చి దగ్గరుండి చేసి పోతాను.

వెంకటముని

*

మదనపల్లె,
23-10-1988

వెంకటమునికి,

అయిపోయింది. నీ కడుపు చల్లబడి ఉంటుంది.

నీ కార్డు పండుగకు ముందే వచ్చింది. దాచను. చక్కగా నడుస్తున్న యంత్రాన్ని విప్పి సగం చేయమన్నావు. నేను తెప్పించిన చిప్పులు పనిచేశాయని నీకు కష్టంగా ఉందనుకున్నాను. బీరువాలో పడేశాను.

విజయదశమి నాడు హాలు నిండింది. బయట కూడా నిలబడ్డారు. మునెమ్మ వాళ్ళమ్మను వెంటబెట్టుకుని తిరిగి వచ్చింది, "మేడమ్, ఈడ కూడా పెట్టినారంట కదా, సూసి పోదామని" అంటూ. పొద్దుటి నుంచీ యంత్రం నడుస్తూనే ఉంది. జనం ఊపిరికి, దీపాలకు గది పొయ్యిలా ఉంది. మునెమ్మను కూర్చోబెట్టి పేరు కొట్టమన్నాను. సగం పేరు కొట్టింది. తెర మీద పారిటీ అని ఏదో ఒక మాట పడింది, అంతే, నిలబడిపోయింది. మీట నొక్కితే కదలదు. ఆపి మళ్ళీ వేస్తే వచ్చింది, మళ్ళీ ఆగింది. గాజు తలుపు వాళ్ళ మనిషి వెనక నిలబడి నవ్వాడు. మునెమ్మ వాళ్ళమ్మ కూతురి చెయ్యి పట్టుకుని, "ఈ ముసలి మిషన్ల కాడ యాల, పదమ్మే" అంది. ఒక్కొక్కరే లేచారు. అక్షింతలు తట్టలోనే ఉండిపోయాయి.

రమ్మంటే వస్తానని రాశావు. అక్క ఇంటికి రావడానికి పిలుపు కావాలా? పిలుపు కోసం చూసేవాడు చుట్టం, తమ్ముడు కాడు. ఆ రెండు చిప్పులూ నువ్వు సరిగా పంపి ఉంటే నాకు ఈ గతి పట్టేది కాదు. అవి ఏం చేశావో నీ మనసుకే తెలియాలి. మీ యజమాని గొంతు విన్నప్పుడే నాకు అనుమానం తగిలింది. అయినవాడివని ఊరుకున్నాను.

ఇక నాకు పుంగనూరులో ఒక అన్న ఉన్నాడు. కుప్పంలో ఎవరూ లేరు.

ఇందిరమ్మ

*

కుప్పం,
4-11-1988

అక్కకు,

ఎవరూ లేరని రాశాక కూడా అక్కా అనే రాస్తున్నాను. అలవాటు.

నువ్వు ట్రంకు కాల్ చేసిన సాయంత్రమే యజమాని నన్ను అందరి ముందు నిలబెట్టాడు. అంతకుముందు పోయినవన్నీ లెక్క తీశాడు. "సొంత అక్కనే మోసం చేసినోడు నన్ను వదులుతాడా?" అన్నాడు. అడిగింది ఎవరో అయితే కాదని కొట్లాడేవాణ్ణి. అడిగింది మా అక్క. ఆ రోజే పంపేశాడు. బెంగళూరులో ఆ దుకాణాల వీధిలో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఇంకో దుకాణం మెట్టెక్కకముందే నా పేరు చేరిపోయింది.

ఇది నీకు పండుగకు ముందు రాయలేదు. నీ శుభకార్యంలో నా ఏడుపెందుకని. నువ్వు ఒక్క ముక్క రాస్తావని రోజూ పోస్టుమ్యాన్ కోసం వాకిట్లో నిలబడ్డాను. పిలవకుండా వచ్చి ఉంటే దొంగ వచ్చాడనే అనుకునేదానివి కదా అక్కా, నిజం చెప్పు.

ఇక్కడ గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్ళు పాలిష్ పట్టే పనికి కుదిరాను. రుక్మిణి ఏమీ అనదు. అంటే బాగుండుననిపిస్తుంది.

నీ యంత్రం చెడిపోలేదు. తొమ్మిదోది మందకొడిది కాబట్టి తడబడి ఆపేసింది. నీ చేతికి నేను పంపింది పద్దెనిమిది. ఇంకెప్పుడూ ఈ మాట చెప్పను.

వెంకటముని

*

మదనపల్లె,
29-1-1989

నాయనా వెంకటమునికి, మీ అక్క అనేకసార్లు ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం వచ్చి మూడో నెల. జవాబు రాయడానికి కూర్చుని లేచిపోయేదాన్ని. కోపం ఉండింది, కోపం పోయాక సిగ్గు. ఇప్పుడూ రాయకపోతే ఆ పాపం నన్ను వదలదు.

మొన్న అన్న మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే పుంగనూరు పోయాను. మండీలో దీపం పెట్టి రమ్మని వదిన పంపింది. తక్కెడ వెనక నాయన పటం ఉంటుంది కదా, దాని కింద పసుపు కుంకుమ పెట్టి రెండు నల్ల బిళ్ళలు. వెండి కాళ్ళు. తిప్పి చూశాను, నంబరు చివర 15.

అన్నను పిలిచి ఇవేంటన్నా అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "కొసరమ్మా! మండీలో దిగినాక ఏ సరుకైనా వరసకొకటి మండీది కాదా? నాయన కాలం నుంచీ అంతే గదా. తాడు వదులైతే బిగిస్తామని ఇప్పినాను. వరసకొకటి తీసినాను. చిన్నోడు ఇన్నేండ్లకు మన మండీకి సరుకు పంపినాడు. వాడి మొదటి సరుకు. అమ్ముకోడానికి మనసు రాలేదు, నాయన కాడ పెట్టుకున్నాను" అన్నాడు. రోజూ దండం పెట్టుకుంటున్నాడట, నీ చేతిపని ఇంకా ఇంకా మండీకి రావాలని.

నేను జరిగింది చెప్పాను. ఆయన ఆ రెండూ తీసి నా చేతిలో పెట్టాడు. "ఒక్క మాట అడిగింటే ఇచ్చేసేవాణ్ణి గదమ్మా. యాల అడగలేదు?" అన్నాడు. యాల అడగలేదో నేనేం చెప్పను? ఆయన్ను దొంగ అనడానికి నోరు రాక, నిన్ను అన్నాను. అదీ సంగతి. పెద్దవాడి ముఖం చిన్నబోతుందని చూశాను, నీ ముఖం చూడలేదు.

ఇంత రాశాక కూడా ఒకటి అడగబుద్ధవుతోంది. మండీలో పెరిగినవాడివి, నాయన తీసి పెట్టిన పండ్లు తిన్నవాడివి, వరుసకొకటి పోయిందంటే నీకైనా తట్టలేదా? ఉత్తరంలో కూడా రాశావు. నాకూ తట్టలేదు. ఇద్దరం ఆ పండ్లు తిన్నవాళ్ళమే.

మీ యజమానికి మళ్ళీ ట్రంకు కాల్ చేశాను. నీ పేరు చెప్పగానే, "ఆ విషయం అయిపోయిందమ్మా" అని పెట్టేశాడు. నేనే బెంగళూరు పోయి ఆయన ముందు నిలబడతాను, నువ్వు ఊఁ అంటే చాలు. అన్న కూడా వస్తానంటున్నాడు. ఇన్‌స్టిట్యూట్‌కు ఇంకా తాళం వేయలేదు, వచ్చేది నలుగురే అయినా. చిప్పులు రెండూ నా దగ్గరున్నాయి. నువ్వు వచ్చి నీ చేత్తో పెట్టాలి. నీ కిటికీ పక్క మిషను అలాగే ఉంది. ఈసారి పిలుస్తున్నాను నాయనా, రా.

ఇట్లు,
నీ అక్క

*

ప్రేషకుడు: ఎం. వెంకటముని, కుప్పం.
తేది: 11-2-1989

శ్రీమతి ఇందిరమ్మ గారికి,
ప్రిన్సిపాల్, టైపు ఇన్‌స్టిట్యూట్,
మదనపల్లె.

విషయం: మెమరీ చిప్పులు అమర్చు విధానం గురించి.
సూచిక: తమ 29-1-1989 నాటి లేఖ.

అమ్మా,

పై సూచికలోని తమ లేఖ అందినది. తమ వద్దనున్న రెండు చిప్పులను అమర్చుటకు మనిషి రానవసరం లేదు. కుప్పుస్వామి గారు చేయగలరు.

ముందుగా చిప్పుల కాళ్ళకు అంటిన పసుపు, కుంకుమలను పొడి గుడ్డతో పూర్తిగా తుడవవలెను. తడి తగలరాదు. ముట్టుకొనుటకు ముందు పెట్టె ఇనుమును చేతితో తాకవలెను. 20 నంబరు చిప్పులు రెండింటిని తీసివేసి, ఆ గుంతలలోనే వీటిని, గాటు ఉన్న వైపు మిగతావాటితో కలియునట్లు పెట్టి, బొటనవేలితో సమముగా నొక్కవలెను. ఏ కాలూ లోపలికి మడవలేదని చూసుకొనవలెను. కరెంటు వేయగానే తెర మీద అంకెలు లెక్కించుకుంటూ పోయి ఐదువందల పన్నెండు వద్ద నిలిచినచో అన్నీ పొసగినట్లే. తరువాత ఎంతసేపు నడిపిననూ ఆగదు.

బెంగళూరు ప్రయాణం అనవసరం. రామప్ప గారికి కూడా తెలియజేయగలరు.

యంత్రం సరిగా నడిచినచో ఈ లేఖకు జవాబు అక్కరలేదు.

ఇట్లు,
తమ విశ్వసనీయుడు,
ఎం. వెంకటముని